జౌగడ అశోక శాసనాన్ని ఎలా చూడాలి: రాతి మీద లేని మాటను వెంట తీసుకువెళ్లండి

ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఋషికుల్య నది ఉత్తరపు ఒడ్డున, పురుషోత్తంపూర్‌కు దగ్గరలో జౌగడ ఉంది. అశోకుడు కళింగాన్ని జయించిన తరువాత అక్కడి రాళ్ల మీద చెక్కించిన పెద్ద శాసనాలలో ఒకటి భువనేశ్వర్ పక్కనున్న ధౌలిలో ఉంటే, రెండోది ఇక్కడ ఉంది. బరంపురం నుంచి సుమారు 35 కిలోమీటర్లే అయినా, మా తెలుగువాళ్లలో ఎక్కువమంది ఆ దారిన తారాతారిణి అమ్మవారి కొండ వరకే వెళ్లి, పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించి, ప్రసాదం పుచ్చుకుని తిరిగి వచ్చేస్తారు. మరికాస్త ముందుకు వెళ్లినవారు కూడా కటకటాల ముందు నిలబడి ఒక ఫొటో తీసుకుని, పది నిమిషాలలో బండి ఎక్కుతారు. ఆ పది నిమిషాలను ఒక పూటగా మార్చుకోవాలనుకునేవారి కోసం, ఆ పూటను ఎలా గడపాలో నాకు తెలిసినంత వరకు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను మొదటిసారి బడి పిల్లలతో కలిసి అక్కడికి వెళ్లాను. యుద్ధం చూసి అశోకుడి మనసు మారిందని, ఆ పశ్చాత్తాపమే ఈ రాతి మీద రాసి ఉందని మాకు చెప్పారు. మేమంతా చేతులు కట్టుకుని విన్నాము. చాలా ఏళ్ల పాటు నేను అదే నమ్మాను, నా తరువాతి పిల్లలకు కూడా అదే చెప్పాను. తరువాత శాసనాల అనువాదాన్ని వరుసగా చదివినప్పుడు తెలిసిందేమిటంటే, ఆ మాట ఆ రాతి మీద లేదు. అశోకుడు వేర్వేరు చోట్ల రాళ్ల మీద చెక్కించిన పద్నాలుగు శాసనాల వరుసలో 11, 12, 13 సంఖ్యల శాసనాలను జౌగడలోనూ ధౌలిలోనూ చెక్కలేదు. కళింగ యుద్ధం గురించీ, చనిపోయినవారి గురించీ, రాజుకు కలిగిన వేదన గురించీ చెప్పేది ఆ పదమూడో శాసనమే. వాటి స్థానంలో ఈ రెండు చోట్లా రెండు ప్రత్యేక శాసనాలున్నాయి. అంటే యుద్ధంలో ఓడిన నేల మీద, ఆ యుద్ధం ప్రస్తావనే లేకుండా, గెలిచిన రాజు మాట్లాడుతున్నాడన్న మాట. జౌగడ మీద వాదం ఇక్కడే మొదలవుతుంది, చూడవలసింది కూడా ఇక్కడే మొదలవుతుంది.

వెళ్లే ముందు చేయవలసినది

బయలుదేరడానికి కనీసం రెండు రోజుల ముందు పదమూడో శాసనాన్ని అనువాదంలో పూర్తిగా చదవండి. సారాంశంతో సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే సారాంశాలన్నీ పశ్చాత్తాపం దగ్గరే ఆగిపోతాయి. పట్టాభిషేకం జరిగిన ఎనిమిదేళ్లకు కళింగాన్ని జయించినట్టు, లక్షా యాభై వేల మందిని అక్కడి నుంచి తరలించుకుపోయినట్టు, లక్ష మందిని చంపినట్టు, అంతకు ఎన్నో రెట్ల మంది చనిపోయినట్టు రాజు తన మాటగానే చెప్పుకున్నాడు. ఆ యుద్ధం క్రీస్తు పూర్వం 261 ప్రాంతంలో జరిగిందని సాధారణంగా లెక్క వేస్తారు. అప్పుడు చనిపోయినవారిలో నూరోవంతు, వెయ్యోవంతు మంది ఇప్పుడు బాధపడినా అది తనకు భారమేనని కూడా ఆ శాసనంలో ఉంది. అదే శాసనంలో, కొన్ని పంక్తుల తరువాత, అడవులలో ఉండే జనానికి ఒక హెచ్చరిక కూడా ఉంది: రాజు పశ్చాత్తాపపడుతున్నా దండించే శక్తి ఆయనకు ఉందని, కనుక వారు తమ పనులకు సిగ్గుపడి ప్రాణాలు దక్కించుకోవాలని దాని భావం. ఈ రెండింటినీ కలిపి చదవనివారు అశోకుణ్ణి సగమే చదివినట్టు.

చదివిన తరువాత ఆ మూడు లెక్కలనూ ఒక కాగితం మీద మీ చేతిరాతతో రాసుకోండి. ఫోనులో దాచుకోవడం వేరు, చేత్తో రాయడం వేరు. లక్షా యాభై వేలు అని రాసేటప్పుడు కలం ఒక్క క్షణమైనా ఆగుతుంది, ఆ ఆగడం కోసమే రాయమంటున్నాను. ఈ కాగితాన్ని వెంట తీసుకువెళ్లాలి, చివరి దాకా దీనితో పని ఉంటుంది.

రెండోది, జౌగడ శాసన పాఠాన్ని ముద్రించుకుని పట్టుకెళ్లండి. రాతికి రక్షణగా కప్పు, ఇనుప కటకటాలు ఉన్నాయి కాబట్టి అక్షరాలను వేలు పెట్టి వెతుక్కోవడం కుదరదు, కుదిరినా అలా చేయకూడదు. 1925లో శాసన పండితుడు హుల్ట్‌ష్ ప్రచురించిన అశోక శాసనాల సంపుటిలో పాఠమూ అచ్చు ప్రతులూ ఉన్నాయి. పాత పుస్తకం కనుక స్కాను చేసిన ప్రతి సులువుగా దొరుకుతుంది. ఇంట్లో చిన్న దుర్బిణి ఉంటే అది కూడా సంచిలో వేసుకోండి.

రోజు, వేళ, దారి

చైత్రమాసపు మంగళవారాలు వద్దు. ఆ రోజులలో తారాతారిణి యాత్రకు వచ్చే జనంతో పురుషోత్తంపూర్ దారి కిక్కిరిసిపోతుంది, బండి కదలదు. అమ్మవారి దర్శనం, శాసన దర్శనం రెండూ ఒకే రోజు పెట్టుకోవాలనుకుంటే మామూలు రోజులలో పెట్టుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ భరించదగినట్టుగా ఉంటుంది. ఆంధ్ర నుంచి వచ్చేవారికి హౌరా–చెన్నై రైలు మార్గంలో ఇచ్ఛాపురం దాటగానే బరంపురం వస్తుంది. టికెట్టు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది, కంగారు పడవద్దు. బరంపురం నుంచి పురుషోత్తంపూర్ వరకు బస్సులు ఉన్నాయి. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకునేటప్పుడు తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఆ లోపలి ఊళ్లలో సాయంత్రం వేళ ఖాళీ ఆటో దొరకడం కష్టం. తాగునీళ్లు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి.

వేళ ముఖ్యం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు లోతు తక్కువగా చెక్కిన అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. వెలుతురు ఏటవాలుగా పడే ఉదయమో సాయంత్రమో అయితే గీతల అంచున సన్నని నీడ నిలిచి అక్షరం లేచి కనిపిస్తుంది. తొమ్మిది గంటల లోపు చేరుకునేలా బయలుదేరడం నా అలవాటు.

ముందు కోట, తరువాత రాయి

నేరుగా శాసనం దగ్గరకు పరుగెత్తకండి. జౌగడ అంటేనే కోట. ఒడియాలో జఉ అంటే లక్క, గడ అంటే కోట. చతురస్రాకారంలో మట్టితో పోసిన పాత కోట గట్లు ఇప్పటికీ పొలాల మధ్య తెలుస్తాయి. తెలియనివారికి అది ఏదో చెరువు గట్టులా అనిపిస్తుంది. గట్టు వారగా కాసేపు నడిచి, లోపల ఎంత మేర ఉందో కళ్లతో కొలవండి. 1956–57లో దేబల మిత్ర నేతృత్వంలో పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. శాసనంలో ఈ చోటి పేరు సమాపా. ఇక్కడ ఒక నగరం ఉండేది, అందులో న్యాయం చెప్పే అధికారులు ఉండేవారు, వారి ముందుకు వచ్చి నిలబడే జనం ఉండేవారు. అంతటి ఊరు ఇప్పుడు వరి పొలాల కింద ఉంది. ముందు ఈ నేల మీద నడిచి ఆ తరువాత రాతి దగ్గరకు వెళితే, శాసనం ఎవరితో మాట్లాడుతున్నదో మీకు విడిగా ఎవరూ చెప్పనక్కరలేదు.

రాతి ముందు

ఎక్కువ సేపు ఉండవలసినది ఇక్కడే, కనీసం గంటన్నర కేటాయించండి.

రాతి మీద మూడు భాగాలుగా రాత ఉంది. మొదటి భాగంలో 1 నుంచి 5 వరకు శాసనాలు ఉన్నాయి, ఇది చాలావరకు దెబ్బతిన్నది. రెండో భాగంలో 6 నుంచి 10 వరకు, ఆపైన నేరుగా 14 ఉన్నాయి. మూడో భాగంలో రెండు ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. మీరు రెండో భాగం దగ్గర ఆగి, మీ ముద్రిత పాఠంలో పదో శాసనం ముగిసి పద్నాలుగో శాసనం మొదలయ్యే చోటు గుర్తించండి. అక్కడ ఖాళీ ఏమీ లేదు, చెరిపివేసిన గుర్తు లేదు. శిల్పి చేయి ఆగకుండా సాగిపోయింది. మూడు శాసనాలు అక్కడ లేవన్న సంగతి లెక్క తెలిసినవారికి తప్ప మరెవరికీ తెలియదు. రెండు వేల రెండు వందల ఏళ్లుగా ఆ ముందు నుంచి ఎంతమంది నడిచి వెళ్లారో, వారిలో ఎందరికి అది తెలిసిందో అనుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు అక్షరాల వైపు రండి. బ్రాహ్మీ లిపి మన తెలుగు లిపికి పూర్వీకురాలు, కొన్ని అక్షరాలను అరగంటలో పోల్చుకోవచ్చు. కూడిక గుర్తులా ఉన్నది క. రెండు వాలు గీతలు పైన కలిసి పూరింటి కప్పులా ఉన్నది గ. అడ్డగీత మీద నిలువుగా నిలబడిన గీత న. ఉత్త సున్నా ఠ, నడుమ చుక్క ఉన్న సున్నా థ. సున్నా మీద నిలువు గీత లేచి ఉంటే అది వ. అక్షరం పక్కన చిన్న చుక్క ఉంటే అది అనుస్వారం, మన నిండు సున్నకు ముత్తవ్వ. ఇంత తెలిస్తే ‘దేవానంపియే’ (దేవతలకు ప్రియుడు) అన్న మాట మధ్యలోని ‘వానం’ దొరుకుతుంది, అది దొరికితే రాజు బిరుదు ఎక్కడెక్కడ ఉందో వెతుక్కోవచ్చు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఈ లిపిని చదివే వరకు మన దేశంలో ఎవరికీ ఇది చదవడం రాదు; 1850లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ జౌగడ శాసనానికి నకలు తీయించాడు. మీరు అరగంటలో పోల్చుకుంటున్న అక్షరాలు శతాబ్దాల పాటు మూగగా ఉన్నాయని గుర్తుంచుకోండి.

మరొక చిన్న విషయం, చాలామంది దాటిపోయేది. రాజు అన్న మాట ఇక్కడ ‘రాజా’ అని ఉండదు, ‘లాజా’ అని ఉంటుంది; నగర అన్నది ‘నగల’ అవుతుంది. ఇది పాటలిపుత్రం వైపు పలికిన ప్రాకృతం. గుజరాత్‌లోని గిర్నార్‌లో అవే శాసనాలు చెక్కేటప్పుడు అక్కడి పలుకుబడికి తగినట్టు ‘ర’ను నిలిపారు. వాయవ్యాన కాందహార్‌లో గ్రీకు, అరమాయిక్ భాషలలో కూడా రాయించారు. కళింగానికి మాత్రం రాజధాని నుంచి వచ్చిన మాట వచ్చినట్టే రాతికెక్కింది. అప్పటి కళింగ ప్రజలు ఇంట్లో ఏ భాష మాట్లాడుకునేవారో ఈ రాయి మనకు చెప్పదు. ఇంట్లో ఒక భాష, కచేరీలో మరొక భాషతో బతుకుతున్న సరిహద్దు జిల్లాల మనకు ఈ ‘ల’ ఎంత బరువైనదో వేరే చెప్పాలా?

ఆ తరువాత మూడో భాగానికి వెళ్లి మొదటి ప్రత్యేక శాసనాన్ని నెమ్మదిగా చదవండి. ఇది సమాపాలోని ‘మహామాతా నగలవియోహాలకా’ అనేవారికి, అంటే నగర వ్యవహారాలలో తీర్పు చెప్పే ఉన్నతాధికారులకు, రాసిన ఉత్తరువు. అందరికీ తెలిసిన ‘మనుషులందరూ నా బిడ్డలే’ అన్న వాక్యం ఇందులోనిదే. ధౌలి పాఠంలో ‘సవే మునిసే పజా మమా’ అని ఉంటుంది, జౌగడలో స్వల్పమైన తేడాతో అదే మాట ఉంది. సభలలోనూ బడి గోడల మీదా ఈ ఒక్క వాక్యమే కనిపిస్తుంది. మీరు అక్కడ ఆగవద్దు. తరువాతి పంక్తులలో రాజు తన అధికారులతో, మీరు ఈ మాటను ఎంతవరకు పాటించాలో గ్రహించడం లేదంటాడు. ఒక మనిషి చెరలో పడుతున్నాడని, హింసకు గురవుతున్నాడని, దానివల్ల మరెందరో దుఃఖపడుతున్నారని చెబుతాడు. న్యాయాన్ని చెడగొట్టే గుణాలను పేరుపేరునా లెక్కపెడతాడు: ఈర్ష్య, ముక్కుమీది కోపం, నిష్ఠురత, తొందరపాటు, పట్టుదల లేకపోవడం, సోమరితనం, అలసట. రాతిలోని ‘ఆలసియ’ మన ‘ఆలస్యం’ అన్న మాటకు దగ్గర చుట్టమే, అక్కడ దాని అర్థం సోమరితనం. అధికారులు ఈ గుణాలు లేకుండా పని చేస్తున్నారో లేదో చూడటానికి ఐదేళ్లకొకసారి, కర్కశుడూ కోపిష్ఠీ కాని అధికారిని పర్యటనకు పంపుతానని కూడా అంటాడు.

ఇక్కడ ఒకసారి తల ఎత్తి ఆలోచించండి. యుద్ధంలో చనిపోయినవారి ప్రస్తావన కళింగంలో చెక్కించలేదు. కాని యుద్ధం తరువాత తన సొంత అధికారుల చేతిలో అదే కళింగ ప్రజలు కారణం లేకుండా చెరసాలల పాలవుతున్నారన్న మాటను ఈ నేల మీదే చెక్కించాడు. అంటే ఒక తప్పును దాచి, మరొక తప్పును ఒప్పుకున్న రాయి ఇది. నా మటుకు నాకు జౌగడలో నేర్చుకోవలసినది మొత్తం ఈ రెండింటి మధ్యనే ఉంది.

రెండో ప్రత్యేక శాసనం సరిహద్దుల ఆవల ఉన్న, ఇంకా జయించబడని జనం గురించినది. రాజు మా విషయంలో ఏమి తలుస్తున్నాడో అని వారికి అనుమానం రావచ్చని, వారు భయపడనక్కరలేదని, తన వల్ల వారికి సుఖమే కలుగుతుందని నమ్మించాలని అధికారులకు చెబుతాడు. క్షమించదగినంత వరకు రాజు క్షమిస్తాడని అందులో ఉంది. ‘క్షమించదగినంత వరకు’ అన్న ఆ చిన్న ముక్క కింద పెన్సిలుతో గీత గీసుకోండి, మీ కాగితం మీదే సుమా.

మొదటి ప్రత్యేక శాసనాన్ని తిష్య నక్షత్రపు రోజులలో, అంటే మన పుష్యమి నాడు, వినిపించాలని, మధ్యలో వీలైనప్పుడు వినేవారు ఒక్కరే ఉన్నా సరే వినిపించాలని రాజు ఆజ్ఞ. అందుచేత అక్కడ మీరు ఒక్కరే ఉన్నా అనువాదాన్ని పైకి చదవడానికి సంకోచించవద్దు. ఇది కంటితో చూసి వెళ్లిపోవడానికి చెక్కింది కాదు, చెవిన పడటానికి చెక్కింది.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. అక్షరాలు ఫొటోలో బాగా పడతాయని సుద్దముక్కతో దిద్దడం, నీళ్లు చల్లడం, పసుపు కుంకుమలు పూయడం, కాగితం అంటించి నకలు తీయడానికి ప్రయత్నించడం ఏవీ వద్దు. నేను ఒకసారి వెళ్లినప్పుడు ఒక యువకుడు కటకటాలలోంచి చేయి దూర్చి తాళంచెవితో ఒక గీతలో పేరుకున్న మట్టిని గోకుతున్నాడు. మంచి ఉద్దేశంతోనే చేస్తున్నాడు, అయినా ఆ చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది. రక్షిత కట్టడానికి హాని చేసినవారికి 1958 చట్టం ప్రకారం, 2010 సవరణ తరువాత, రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. చట్టం మాట అటుంచితే, మొదటి భాగం ఇప్పటికే ఎంత పోయిందో కళ్ల ముందే కనిపిస్తున్నది కదా.

లేని మాటను ఎలా అడగాలి

రాతి దగ్గర నుంచి కాస్త పక్కకు వచ్చి నీడన కూర్చుని, మీ నోటుబుక్కులో మూడు ప్రశ్నలకు సమాధానాలు రాయండి. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో మాట్లాడుతున్నారు? ఎవరి గురించి మాట్లాడుతూ వారినే మాట్లాడనివ్వలేదు? ఇళ్లకు వెళ్లాక రాద్దామనుకుంటే సగం మరిచిపోతాము.

పదమూడో శాసనం ఇక్కడ ఎందుకు లేదన్న దానికి చరిత్రకారులు చెప్పే కారణాలు ఒకటి కాదు. గాయపడినవారి ముందు గాయం సంగతి ఎత్తకపోవడం మర్యాద అన్నది ఒక మాట. చంపినవారి లెక్క చదివితే తిరుగుబాటు రేగుతుందన్న భయం అన్నది మరొక మాట. కొత్తగా కలుపుకున్న దేశంలో ఉపన్యాసం కన్నా అధికారులను అదుపులో పెట్టే ఉత్తరువు ఎక్కువ అవసరం కాబట్టి ప్రత్యేక శాసనాలు పెట్టారన్నది ఇంకొక మాట. మీరు ఏదో ఒకదాన్ని వెంటనే పట్టుకోకుండా ఉండటానికి మరొక ఆధారం గుర్తుంచుకోండి. కర్ణాటకలోని సన్నతిలో దొరికిన శాసన ఫలకం మీద కూడా ఈ ప్రత్యేక శాసనాలే ఉన్నాయి, వాటితో పాటు 12, 14 శాసనాలు ఉన్నాయి. సన్నతి కళింగంలోనిది కాదు. కాబట్టి ప్రత్యేక శాసనాలు ఓడిన కళింగం కోసమే రాసినవి అన్న వాదన అంత గట్టిగా నిలవదు. అయినా కళింగంలోని రెండు చోట్లా 13 లేకపోవడం మాత్రం నిజం.

నా అభిప్రాయం అడిగితే, ఆ మౌనాన్ని మర్యాద అని నేను అనలేను. పశ్చాత్తాపాన్ని పెషావరు వైపున్న షాబాజ్‌గఢీలో చెప్పుకున్నారు, డెహ్రాడూన్ వైపున్న కాల్సిలో చెప్పుకున్నారు, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో చెప్పుకున్నారు. ఎవరికి చెప్పవలసి ఉందో వారికి చెప్పలేదు. అలాగని అశోకుని మాట అంతా నటన అని కొట్టిపారేసేవారితోనూ నేను ఏకీభవించను. నటించే రాజు తన జైళ్లలో జరుగుతున్న అన్యాయాన్ని రాతి మీద చెక్కించుకోడు. మీ అభిప్రాయం దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉండవచ్చు. కాని అది పాఠ్యపుస్తకంలోని వాక్యం మీద కాకుండా మీరు చూసిన ఆ మూడు భాగాల మీద నిలబడి ఉండాలి.

ఊరివారితో మాట్లాడేటప్పుడు

శాసనం చుట్టుపక్కల కనిపించే పెద్దలతో మాట్లాడకుండా రావద్దు. ఒడియా కొద్దిగా వచ్చినా చాలు. పెద్దవారి మాటకు ‘ఆజ్ఞా’ అని బదులిస్తే ఆదరంగా మాట్లాడతారు. బరంపురం, పర్లాకిమిడి వైపు సంబంధాలున్న ఇళ్లవారికి తెలుగు కూడా అర్థం కావచ్చు. వారు మీకు అశోకుడి కథ కన్నా ముందు లక్క కోట కథ చెబుతారు. కోట గోడలు లక్కతో చేసినవని, శత్రువు ఎక్కబోతే జారిపోయేవాడని ఒక కథ. పాండవులను కాల్చాలని కట్టిన లక్క ఇల్లు ఇదేనని మరొక కథ. లక్క ఇంటి కథ మనకు చిన్నప్పటి నుంచి తెలిసినదే కనుక చాలామంది నవ్వి, అది కాదండీ అని దిద్దబోతారు. దయచేసి దిద్దకండి. శాసనం చదవడం ఎవరికీ రాని కాలమంతా ఆ రాతిని ‘ఇది మామూలు రాయి కాదు’ అని కాపాడినది అలాంటి కథలే. వినండి, రాసుకోండి, ఇది కథ అని పక్కన గుర్తు పెట్టుకోండి. శాసనం ఆధారం, కథ జ్ఞాపకం. రెండింటినీ ఒకే పేజీలో కలిపేయకుండా రెండింటినీ దాచుకోవచ్చు.

ఒక వాదంలోకి మాత్రం దిగవద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. జిల్లా మీ వైపు పోయిందా, మా వైపు రావలసిందా అన్న మాట మా తాతగారి తరంలో అరుగుల మీద వాదనగా నడిచేది. జౌగడకు వచ్చిన కొందరు తెలుగు యాత్రికులు ఇది అసలు మనదే అన్న ధోరణిలో మాట్లాడటం విన్నాను. కళింగం గోదావరి వైపు వరకు విస్తరించిన కాలం ఉంది, అశోకుని పదమూడో శాసనం ఆంధ్రుల పేరును తన ఏలుబడిలోని జనాల వరుసలో చెప్పిన మాట కూడా నిజం. అయితే ఇప్పటి రాష్ట్రాల గీతలను ఆ రాతి మీద గీయడం వల్ల రాయి గురించి మనకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు, ఎదుటివారి మనసు మాత్రం నొచ్చుకుంటుంది.

పిల్లలను తీసుకువెళితే

పదేళ్లు దాటిన పిల్లలైతే తప్పకుండా తీసుకువెళ్లండి. ముందే కథ అంతా చెప్పేయకండి. ముద్రిత పాఠం చేతికిచ్చి, శాసనాల సంఖ్యలు వరుసగా ఉన్నాయో లేదో చూడమనండి. మా అన్నయ్య మనవరాలు తొమ్మిది, పది అని వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చి, పద్నాలుగు చూసి, “తాతయ్యా, మధ్యలో మూడు పేజీలు చిరిగిపోయాయా?” అని అడిగింది. చిరగలేదమ్మా, రాయించలేదు అన్నాను. ఎందుకు అని అడిగింది. దారి పొడవునా అదే మాట్లాడుకున్నాము. చనిపోయినవారి లెక్కను పిల్లలకు చెప్పాలా అని సందేహించేవారికి నా సలహా ఏమిటంటే, చెప్పండి, కాని రక్తపాతాన్ని వర్ణించకండి. వారికి తెలిసిన కొలత ఇవ్వండి. చైత్ర మంగళవారం నాడు తారాతారిణి కొండ కింద కనిపించే జనాన్ని గుర్తు చేసి, అంతమంది ఇళ్లకు తిరిగి రాకపోతే ఎలా ఉంటుందో అడిగితే చాలు.

బయలుదేరే ముందు

సాయంత్రం వెలుతురు ఉండగానే రాతి దగ్గర సెలవు తీసుకుని, తిరుగు దారిలో ఋషికుల్య కనిపించే చోట బండి ఆపించండి. ఎండాకాలంలో ఇసుక ఎక్కువ, నీరు తక్కువ. వానలు వెళ్లిన కొత్తలో అయితే నిండుగా ఉంటుంది. ఒడ్డున నిలబడి, రెండు రోజుల క్రితం మీ చేత్తో రాసుకున్న కాగితం తీసి, పదమూడో శాసనంలోని ఆ మూడు లెక్కలను పైకి చదవండి. ధౌలిలో గాని జౌగడలో గాని చెక్కించని లెక్కలు అవి. ఎవరు వింటారో అని చూడవద్దు. వినేవారు ఒక్కరే ఉన్నా సరే వినిపించమన్న మాట పక్క రాతి మీదే ఉంది. చదివాక కాగితం మడిచి జేబులో పెట్టుకోండి, ఏటిలో వేయకండి. ఎప్పుడైనా గుత్తి వైపు వెళ్లినప్పుడు ఎర్రగుడి కొండ దగ్గర దానితో మళ్లీ పని పడుతుంది. పదమూడో శాసనం అక్కడ ఉంది.